నొప్పి వేళ పక్కన ఎవరున్నారు?

నొప్పి గురించి పాఠకులు పంపిన ఉత్తరాల్లో మందుల ప్రస్తావన కంటే మనుషుల ప్రస్తావనే ఎక్కువగా కనిపించింది. తోబుట్టువు పక్కన కూర్చుంటే బాధ తగ్గిందని ఒకరు, నర్సు ఎదుట మూలగలేకపోయానని మరొకరు, డాక్టరు తన మాట నమ్మలేదని ఇంకొకరు రాశారు. ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడిన విషయాలు కాబట్టి ఈసారి శీర్షిక మొత్తాన్నీ వీటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నెలసరి రోజుల్లో నాకు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. మా అక్క వచ్చి పక్కన కూర్చుంటే అది నిజంగానే తగ్గినట్టు అనిపిస్తుంది. ఆమె మందు ఇవ్వదు, పెద్దగా మాట్లాడదు కూడా. ఇది నా భ్రమా? ఇది భ్రమ అయితే నా నొప్పి కూడా భ్రమే అనుకోవాలా?

జవాబు: మీ నొప్పీ నిజమే, అది తగ్గడమూ నిజమే. ఒక మనిషి పక్కన ఉన్నంత మాత్రాన తగ్గేది అసలు నొప్పే కాదేమో అన్న సందేహం చాలామందికి వస్తుంది. శరీరంలో ఎక్కడ ఎంత దెబ్బ తగిలితే అక్కడ అంత నొప్పి పుడుతుందనీ, మెదడు దాన్ని ఉన్నదున్నట్టు అందుకుంటుందనీ అనుకోవడం వల్లనే ఈ సందేహం కలుగుతుంది. నిజానికి నరాల గుండా వచ్చే సంకేతాలు వెన్నుపాములోనే కొంత పెరుగుతాయి, కొంత తగ్గుతాయి. 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు వెన్నుపాములో ఒక ద్వారం వంటి ఏర్పాటు ఉందనీ, మెదడు నుంచి కిందికి దిగే సంకేతాలు దాన్ని కొంత మూయగలవనీ ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతం వివరాలు తర్వాత చాలా మారాయి గాని, మెదడు నొప్పిని ఊరికే అందుకోదు, దాన్ని అదుపు చేస్తుంది కూడా అన్న మూలాంశం నిలిచింది. 1978లో అమెరికాలో జాన్ లెవిన్, న్యూటన్ గోర్డన్, హోవర్డ్ ఫీల్డ్స్ దంతాలు తీయించుకున్న రోగుల మీద చేసిన అధ్యయనం ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఉత్తుత్తి మందుతో ఉపశమనం పొందినవారికి మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు ప్రభావాన్ని అడ్డుకునే నలోక్సోన్ ఇచ్చినప్పుడు నొప్పి మళ్ళీ పెరిగింది. అంటే నమ్మకం వల్ల కలిగిన ఉపశమనం వెనుక, శరీరం తనంతట తాను తయారుచేసుకునే మార్ఫిన్ వంటి పదార్థాలు ఉన్నాయన్నమాట. ఊహ అని మనం కొట్టిపారేసేదానికి శరీరంలో రసాయనిక ఆధారం ఉందని ఇలా తెలిసింది.

మనుషుల సాన్నిధ్యం విషయానికి వస్తే, 2006లో జేమ్స్ కోన్ బృందం 16 మంది వివాహిత స్త్రీలను స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, విద్యుత్ షాక్ తగలవచ్చని హెచ్చరిస్తూ వారి మెదడును పరిశీలించింది. ఎవరి చెయ్యీ పట్టుకోనప్పటి కంటే అపరిచితుడి చెయ్యి పట్టుకున్నప్పుడు, అంతకంటే ఎక్కువగా భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు, అపాయానికి స్పందించే మెదడు భాగాలు నెమ్మదించాయి. తమ దాంపత్యం బాగుందని చెప్పినవారిలో ఈ నెమ్మది మరింత స్పష్టంగా కనిపించింది. తర్వాత 2018లో పావెల్ గోల్డ్‌స్టీన్ తదితరులు జంటల మెదడు తరంగాలను ఒకే సమయంలో నమోదు చేశారు. నొప్పి పడుతున్న స్త్రీ చేతిని ఆమె భాగస్వామి పట్టుకున్నప్పుడు ఇద్దరి మెదడు తరంగాల మధ్య పొందిక పెరిగింది. ఆ పొందిక ఎంత ఎక్కువైతే ఆమె నొప్పి అంత తగ్గినట్టు తేలింది.

మీ అక్క పెద్దగా మాట్లాడదని మీరు రాసిన మాట నాకు ముఖ్యంగా తోచింది. 2003లో జెన్నిఫర్ బ్రౌన్ బృందం విద్యార్థినీ విద్యార్థుల చేతిని మంచునీటిలో ఉంచమని చెప్పి, కొందరిని ఒంటరిగానూ కొందరిని తోడుతోనూ పరీక్షించింది. ధైర్యం చెప్పే మనిషి పక్కన ఉన్నవారికీ, మాటలేమీ లేకుండా ఊరికే కూర్చున్న మనిషి పక్కన ఉన్నవారికీ కూడా, ఒంటరివారి కంటే నొప్పి తక్కువగా అనిపించింది. ఆ తోడు స్నేహితుడా, కొత్తవాడా అన్నది పెద్ద తేడా చూపలేదు. అయితే మామూలు కబుర్లలో పెట్టిన సందర్భంలో ఈ ప్రయోజనం కనిపించలేదు. కాబట్టి నొప్పిలో ఉన్న మనిషి దగ్గర ఏదో ఒకటి మాట్లాడి తీరాలన్న ఆరాటం అవసరం లేదు. నెమ్మదిగా నిమరడం కూడా పనిచేస్తుంది. వెంట్రుకలున్న చర్మంలో, సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో సాగే మృదువైన స్పర్శకు ప్రత్యేకంగా స్పందించే సన్నని నరాల తంతువులు ఉన్నాయి. ఆప్తుల చేతి స్పర్శ నొప్పిని తగ్గించడంలో వీటికి పాత్ర ఉందని భావిస్తున్నారు.

ప్రయోగశాల వెలుపల దీనికి అన్నిటికంటే బలమైన ఆధారం ప్రసవాల నుంచి వచ్చింది. 26 పరీక్షలను, 15,000 మందికి పైగా స్త్రీల వివరాలను కలిపి కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ 2017లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, పురుటినొప్పుల సమయంలో ఎడతెగని తోడు దొరికిన స్త్రీలకు నొప్పి మందుల అవసరం తగ్గింది, ప్రసవం కొంత త్వరగా జరిగింది, సిజేరియన్లు కూడా తగ్గాయి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే ఏర్పాటును ఏ ఆసుపత్రి అయినా ఎందుకు నిరాకరించాలో నాకు అర్థం కాదు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. అక్క పక్కన ఉంటే తగ్గుతున్నది కదా అని మీ నొప్పిని తేలికగా తీసుకోవద్దు. నెలసరి నొప్పి రోజువారీ పనులను ఆపేంతగా ఉంటే ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర వంటి కణజాలం బయట పెరిగే వ్యాధి) వంటి కారణాలు ఉండవచ్చు. స్త్రీల వైద్య నిపుణులకు చూపించుకోవాలి.

ప్రశ్న: చిన్న ఆపరేషన్ తర్వాత నర్సమ్మ వచ్చి, సున్నా నుంచి పది వరకు మీ నొప్పికి ఎన్ని మార్కులు వేస్తారని అడిగితే మూడు అన్నాను. ఆమె వెళ్ళాక మా అన్నయ్య అడిగితే ఏడు అన్నాను. చెప్పినప్పుడు రెండూ నిజమనే అనిపించాయి. నేను అబద్ధం ఆడానా?

జవాబు: లేదు. మీవంటి మగవారిని ప్రయోగశాలలో చాలాసార్లు చూశారు. 1991లో ఫ్రెడ్రిక్ లెవిన్, లారా డి సిమోన్ చేసిన మంచునీటి ప్రయోగంలో, పరీక్ష నడిపేది స్త్రీ అయినప్పుడు పురుషులు తమ నొప్పిని తక్కువగా చెప్పారు. 2007లో నార్వేలో పెర్ అస్లాక్సెన్ బృందం ఇదే విషయాన్ని పరిశీలిస్తూ గుండె వేగం, చర్మపు స్పందన కూడా కొలిచింది. అక్కడా స్త్రీ ఎదుట పురుషులు చెప్పిన అంకె తగ్గింది గాని శరీర స్పందనలో తేడా కనిపించలేదు. దీన్ని బట్టి, ఎదుట ఉన్న మనిషిని బట్టి మారేది కొన్నిసార్లు నొప్పి కంటే నొప్పిని గురించి చెప్పే మాటే అని భావించవచ్చు.

అయితే మాట వేరు, నొప్పి వేరు అని రెంటినీ గీత గీసి విడదీయడం కూడా కుదరదు. 2016లో లియోనీ కోబాన్, టోర్ వాగర్ తమ ప్రయోగంలో పాల్గొన్నవారికి ముందుగా, ఇదే వేడికి ఇతరులు ఎంత నొప్పి చెప్పారో చూపించారు. ఇతరులు ఎక్కువ చెప్పారని చూసినవారు తామూ ఎక్కువ చెప్పడమే కాక, వారి చర్మపు స్పందన కూడా పెరిగింది. నలుగురి అభిప్రాయం నోటి దగ్గర ఆగిపోకుండా ఒంటిలోకి దిగుతుందన్నమాట.

మగవారు ఇటువంటి ప్రభావాలకు అతీతులన్న నమ్మకం తప్పని చెప్పే పరిశోధన ఒకటి 2019లో వచ్చింది. కెనడాలో జెఫ్రీ మోగిల్, లోరెన్ మార్టిన్ తదితరులు ఒక గదిలో తీవ్రమైన నొప్పి కలిగించి, మరునాడు కొందరిని అదే గదికి, కొందరిని వేరే గదికి తీసుకువెళ్ళి స్వల్పమైన వేడి తాకించారు. అదే గదికి తిరిగి వచ్చిన పురుషులకు ఆ వేడి ఎక్కువ బాధగా అనిపించింది. స్త్రీలలో ఈ తేడా లేదు. ఎలుకల్లోనూ మగవాటిలోనే ఇది కనిపించింది. పాత నొప్పి జ్ఞాపకం, దానితో వచ్చే ఒత్తిడి మగవారి మీదనే ఎక్కువ పనిచేసిన సందర్భం ఇది. మగవాడు ఓర్చుకోవాలి అని పెరిగే వయసులో నేర్పిన మాట వారి నొప్పిని తీసేయదు, దాన్ని బయటికి రానివ్వదు, అంతే. ఈ నేర్పును నేను మెచ్చుకోలేను, ఎందుకంటే దానివల్ల జరిగే నష్టం కళ్ళ ముందు కనిపిస్తూనే ఉంటుంది.

ఆ నష్టం ఎటువంటిదంటే, ఆపరేషన్ తర్వాత మందు మోతాదును చాలావరకు మీరు చెప్పే అంకెను బట్టే నిర్ణయిస్తారు. పొట్టకో ఛాతీకో ఆపరేషన్ అయిన మనిషి నొప్పిని దాచుకుంటే గట్టిగా ఊపిరి తీయలేడు, దగ్గలేడు. అందువల్ల ఊపిరితిత్తుల్లో కఫం నిలిచి ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. అంకె చెప్పడానికి నోరు రాకపోతే, ఏ పని చేయలేకపోతున్నారో చెప్పండి. పక్కకు తిరగలేకపోతున్నాను, రాత్రి నిద్ర పట్టలేదు అన్న మాట చెప్పడం మూడు, ఏడు అన్న లెక్క కంటే సులభం, వినేవారికి ఎక్కువ ఉపయోగకరం కూడా.

ప్రశ్న: ఆడవాళ్ళకు ఓర్పు ఎక్కువని కొందరు, వాళ్ళు కొంచెం నొప్పికే తల్లడిల్లుతారని కొందరు అంటారు. ఏది నిజం?

జవాబు: ప్రయోగశాలలో ఒత్తిడి, వేడి, చల్లదనం వంటివాటితో పరీక్షించినప్పుడు స్త్రీలు సగటున కొంత ముందుగా నొప్పి అంటారు. కాని ఇది సగటు మాత్రమే. ఇద్దరి అంకెలూ చాలావరకు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి, ఎదుటి మనిషి స్త్రీ అని తెలిసినంత మాత్రాన ఆమె ఓర్పు ఎంతో చెప్పలేము. మైగ్రేన్ వంటి వ్యాధులు స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ అన్నది వేరే సంగతి. అక్కడ పడవలసిన నొప్పే ఎక్కువ.

శరీర ధర్మంలో తేడాలు లేకపోలేదు. 2015లో రాబర్ట్ సోర్జ్ తదితరులు, దీర్ఘకాలిక నొప్పిని నిలిపి ఉంచడంలో మగ ఎలుకల్లో మెదడు, వెన్నుపాముల్లో ఉండే మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలు పనిచేస్తే, ఆడ ఎలుకల్లో అందుకు బదులు వేరే రోగనిరోధక కణాలు ఆ పని చేస్తున్నాయని చూపించారు. 2005లో తేలిన ఒక లెక్క ప్రకారం, దానికి ముందు పదేళ్ళలో నొప్పి మీద ప్రధాన పత్రికలో వచ్చిన జంతు పరిశోధనల్లో 79 శాతం మగ జంతువుల మీదనే జరిగాయి. స్త్రీల నొప్పిని గురించి మన తెలివిడి ఇంత ఆలస్యం కావడానికి అదొక కారణం.

ఇక సమాజం పాత్ర ఎంత అంటే, 2003లో మైఖేల్ రాబిన్సన్ బృందం చేసిన ప్రయోగం చూడండి. మంచునీటిలో చెయ్యి ఉంచే ముందు, మీవంటి పురుషుడు లేదా మీవంటి స్త్రీ ఇంత సేపు ఉంచగలరు అని ఒక అంకె చెప్పారు. ఏమీ చెప్పనప్పుడు కనిపించే స్త్రీ పురుష భేదం, అలా చెప్పిన తర్వాత దాదాపు కనుమరుగైంది. మనం ప్రకృతి అని పిలిచేదాంట్లో మనవారి నుంచి మనకు అందిన అంచనా ఎంత ఉందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

ప్రశ్న: చాలా కాలంగా తలనొప్పి, మెడనొప్పితో బాధపడుతున్నాను. చూపించుకున్న డాక్టర్లలో ఇద్దరు సరిగా పరీక్షించకుండానే ఆందోళన తగ్గించుకోమన్నారు. ఇంచుమించు ఇదే బాధ చెప్పిన మా తమ్ముడికి మాత్రం వెంటనే స్కానింగ్ రాశారు. ఆడదాన్నని ఇలా జరిగిందని నాకు అనిపిస్తున్నది. ఇది నా అనుమానమేనా?

జవాబు: మీ విషయంలో ఏం జరిగిందో దూరం నుంచి చెప్పడం న్యాయం కాదు, ప్రతి తలనొప్పికీ స్కానింగ్ అవసరం ఉండదు, బహుశా మీ తమ్ముడికే అది అనవసరమై ఉండవచ్చు. కాని మీ అనుమానానికి ఆధారం లేదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

2008లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, తీవ్రమైన కడుపునొప్పితో అత్యవసర విభాగానికి వచ్చినవారిలో నొప్పి మందు అందడానికి పురుషులకు మధ్యస్థంగా 49 నిమిషాలు పడితే స్త్రీలకు 65 నిమిషాలు పట్టింది. బలమైన మందులు వారికి ఇచ్చే అవకాశమూ తక్కువగా ఉంది. ఇద్దరూ చెప్పుకున్న నొప్పి తీవ్రతలో తేడా లేదు. 2024లో ఇజ్రాయెల్, అమెరికా ఆసుపత్రుల రికార్డులను పరిశీలించిన పరిశోధకులు స్త్రీలకు నొప్పి మందులు తక్కువగా రాస్తున్నారని మళ్ళీ చూపించారు. రాసే డాక్టరు స్త్రీ అయినా పురుషుడైనా ఫలితం అదే. 2021లో మరో అధ్యయనంలో భుజం నొప్పితో ఉన్న రోగుల ముఖాల వీడియోలను చూపించినప్పుడు, తమకు ఎంత నొప్పి ఉందని ఇద్దరూ సమానంగా చెప్పినా, చూసినవారు స్త్రీల నొప్పిని తక్కువగా అంచనా కట్టారు. స్త్రీలు బాధను ఎక్కువగా బయటపెడతారన్న నమ్మకం ఉన్నచోట, వారు బయటపెట్టిన బాధలోంచి కొంత తీసేసి లెక్క వేసుకోవడం అలవాటవుతుంది. ఇది ఒక్క డాక్టరు దుర్బుద్ధి కాదు. అందుకే దాన్ని సరిదిద్దడం కష్టం.

అవతలి మనిషి తీరు చికిత్స ఫలితాన్నే మార్చగలదు. 2019లో లూక్ చాంగ్ బృందం కొందరిని డాక్టర్లుగా, కొందరిని రోగులుగా నియమించి చేసిన ప్రయోగంలో, తాము పూస్తున్న లేపనం నిజంగా పనిచేస్తుందని నమ్మిన 'డాక్టర్ల' చేతిలో 'రోగుల' నొప్పి తగ్గింది. ఒకటి అసలుదనీ ఒకటి ఉత్తుత్తిదనీ ఆ 'డాక్టర్లను' నమ్మించిన రెండు లేపనాలూ నిజానికి ఉత్తుత్తివే. నమ్మకం మాటల్లో కాక ముఖ కవళికల ద్వారా చేరిందని వారు గుర్తించారు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనానికి జతచేసిన వివరణలో, ఎవరైనా తమకు నొప్పి అని చెబితే ఆ మాటను గౌరవించాలని స్పష్టంగా రాసింది. మీరు వెళ్ళే డాక్టరు దగ్గర ఇది కోరడం మీ హక్కు.

మీరు చేయగలిగింది ఒకటుంది. కొన్ని వారాలపాటు నొప్పి ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, పోటా, సలుపా, మంటా, లాగుతున్నట్టా, దానివల్ల ఏ పని ఆగిపోయింది, ఏ మందు వేసుకున్నారు అన్నవి తేదీలతో రాసి తీసుకువెళ్ళండి. మీ బాధను కళ్ళారా చూసిన మనిషిని వెంట తీసుకువెళ్ళండి. ఇది ఆందోళనే అని మళ్ళీ అంటే, మిగతా కారణాలు కావని దేన్ని బట్టి అనుకుంటున్నారని మర్యాదగా అడగండి. ఆందోళన నొప్పిని పెంచుతుందన్నది నిజమే గాని, అది పరీక్షించడం మానేయడానికి కారణం కాదు. ఒక్కసారిగా భరించలేనంత తలనొప్పి వచ్చినా, జ్వరంతో పాటు మెడ బిగుసుకున్నా, చేయి కాలు బలహీనపడినా, మాట తడబడినా, చూపు మసకబారినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

ప్రశ్న: మా పాపకూ బాబుకూ ఇంజెక్షన్ వేయించేటప్పుడు ఎలా ఉండాలి?

జవాబు: మీరు భయపడకుండా ఉండండి, వారి ధ్యాస మళ్ళించండి. ఏం కాదు, ఏం కాదు అని పదే పదే అనడం వల్ల పిల్లల భయం తరచు పెరుగుతుంది. 2002లో క్రిస్టీన్ చాంబర్స్ తదితరులు కొందరు తల్లులకు పిల్లల నొప్పి మీదనే దృష్టి నిలిపి మాట్లాడటం, మరికొందరికి దృష్టి మళ్ళించడం నేర్పి చూసినప్పుడు, మొదటి తీరులో ఆడపిల్లలు ఎక్కువ నొప్పి చెప్పారు; మగపిల్లల్లో తేడా కనిపించలేదు. మరొక మాట. 2019 నాటి ఒక అధ్యయనంలో వేలికి సూది గుచ్చించుకుంటున్న ఒకే బిడ్డ వీడియోను చూపించి, కొందరికి బాబు అనీ కొందరికి పాప అనీ చెప్పారు. బాబు అనుకున్నవారు నొప్పి ఎక్కువ ఉందన్నారు. ఏడుస్తున్నది పాపే కదా అని మీ ఇంట్లో ఎవరూ కొంత తగ్గించి చూడకుండా జాగ్రత్తపడండి.

ప్రశ్న: నా భార్యకు నడుము నొప్పి. ఆమె వంగకుండా అన్ని పనులూ నేనే చేస్తున్నాను. అయినా నేను ఇంట్లో ఉన్నప్పుడే ఆమెకు నొప్పి ఎక్కువగా ఉంటుంది. మా బంధువులు, నువ్వు గారాబం చేయడం వల్లనే అంటున్నారు. నేను దూరంగా ఉండాలా?

జవాబు: దూరంగా ఉండకండి, మీ బంధువుల మాటను ఆమె దగ్గర అనకండి. ఆ మాటలో ఆమె నటిస్తున్నదన్న ధ్వని ఉంది, అది అన్యాయం. అయితే మీరు గమనించినది మాత్రం పరిశోధకులు కూడా గమనించారు. జర్మనీకి చెందిన హెర్టా ఫ్లోర్ తదితరులు, దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవారిలో, అతిగా ఆదుకునే జీవిత భాగస్వామి గదిలో ఉన్నప్పుడు నొప్పికి మెదడు స్పందన పెరుగుతుందని చూపించారు. రోగి ఆడైనా మగైనా ఇది జరగవచ్చు. నొప్పి కనిపించినప్పుడల్లా ఆదరణ, పని నుంచి విడుదల దొరుకుతూ పోతే, రోగికి తెలియకుండానే శరీరం ఆ రెంటినీ కలిపి నేర్చుకుంటుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు.

తోడు అందరికీ ఒకే విధంగా పనిచేయదని కూడా తెలుసుకోవాలి. 2015లో షార్లెట్ క్రాహె, కాటెరీనా ఫోటోపౌలూ బృందం స్త్రీల మీద చేసిన ప్రయోగంలో, సన్నిహితుల మీద ఆధారపడటానికి ఇష్టపడని స్వభావం ఉన్నవారికి, భాగస్వామి పక్కన ఉంటే నొప్పి తగ్గడానికి బదులు పెరిగింది. మీ భార్య ఎటువంటి స్వభావం గల మనిషో మీకే బాగా తెలుసు.

కాబట్టి ఆదరణను తగ్గించవద్దు, దాని సమయాన్ని మార్చండి. ఆమె మూలిగినప్పుడు మాత్రమే దగ్గరికి వెళ్ళడం కాక, ఆమె కులాసాగా ఉన్నప్పుడు, కొంచెం నడిచినప్పుడు, ఏదైనా పని పూర్తిచేసినప్పుడు కూడా పక్కన కూర్చోండి. ప్రమాదకరమైన కారణం లేదని డాక్టరు నిర్ధారించిన నడుము నొప్పికి విశ్రాంతి కంటే మెల్లగా పెంచుకునే కదలికే మేలు. ఆమె చేయగల పనిని ఆమె చేతిలోంచి తీసుకోకుండా, ఇద్దరూ కలిసి చేయండి. 2010లో ఆక్స్‌ఫర్డ్‌లో పడవ నడిపే క్రీడాకారుల మీద జరిగిన చిన్న అధ్యయనంలో, ఒంటరిగా కంటే అందరితో కలిసి ఒకే లయలో సాధన చేసినప్పుడు నొప్పిని తట్టుకునే శక్తి ఎక్కువ పెరిగింది. పాల్గొన్నవారంతా పురుషులే అయినా, రోజూ ఆమెతో కలిసి నడవమని మీకు చెప్పడానికి ఆ ఫలితం నాకు చాలు. నేను పక్కన ఉండాలా, కాసేపు నిన్ను ఒంటరిగా వదలాలా, ఏ సాయం కావాలి అని ఆమెనే అడగండి. అయితే నొప్పి తీవ్రంగా ఉన్న వేళ కాకుండా, అది తగ్గి ఇద్దరూ స్థిమితంగా ఉన్నప్పుడు అడిగి, నొప్పి వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే అనుకోండి. కాళ్ళలో తిమ్మిరి, బలహీనత, మల మూత్రాల మీద అదుపు తప్పడం వంటివి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.